రాజ్యం కడుపూ, దూలానికి ఎనిమిది దారాలూ

నమ్మనివాళ్ళు ఇప్పుడే చెప్పెయ్యండి, దీపం ఆర్పేసి పడుకుంటాను. ఏమే చిట్టీ, మూతి తిప్పుతున్నావు? అమ్మమ్మ కోతలు మొదలెట్టిందనేగా? సరే. ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేల్చు, రేపు నా వాటా సున్నుండలన్నీ నీవే. నా దగ్గర సాక్షి కూడా ఉంది. పేరు చివర్న చెబుతాను.

అనగనగనగా, కాలవ గట్టున నూలుపాలెమని ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ నేతవాళ్ళే. అక్కడ రామలింగం అని ఒక నేతగాడు, అతని పెళ్ళాం రాజ్యం, అతని తల్లి కన్నమ్మ ఉండేవాళ్ళు.

ఒకనాడు రాజ్యానికి కడుపు పండింది. ఆ తర్వాత ఆ కడుపు పెరిగింది. పెరిగిందంటే అలా ఇలా కాదు! ముందు కడుపు గడప దాటేది, పావుగంటకి రాజ్యం మొహం కనపడేది. ఎండన నిలబడితే మూడు వీధుల కోళ్ళు ఆ నీడకి చేరేవి. నవ్విందా, అటక మీద గిన్నెలు గలగలమనేవి!

నెలల లెక్క మాత్రం అత్తగారిది. ఆ ఇంట్లో క్యాలెండరు లేదు. మగ్గానికి నిలువు దారాల పడుగు ఎక్కించి, చీరలు నేసి దించేసరికి సరిగ్గా నెల. అందుకని కొత్త పడుగు ఎక్కినప్పుడల్లా కన్నమ్మ ఆ రంగు దారం ఒకటి దూలానికి కట్టేది. మొదటిది చిలకాకుపచ్చ. అలా ఎనిమిది దారాలయ్యాయి.

"ఎనిమిదో నెల. ఈ నెల్లో ప్రయాణం పనికిరాదు. పది రోజుల్లో తొమ్మిది పడుతుంది, ఆ శుక్రవారం పడవెక్కించి పుట్టింటికి పంపుతా," అంది కన్నమ్మ. పుట్టిల్లంటే దగ్గరా? పడవలో పొద్దున్నించి పొద్దుగూకేదాకా ప్రయాణం.

రాజ్యం తనలో తను వేళ్ళు మడిచి చూసుకుంది. తొమ్మిది దాటుతున్నట్టే అనిపించింది. నోరు విప్పబోయింది.

"పెద్దల లెక్క ఉండగా నీ వేళ్ళెందుకే?" అంది అత్త. రాజ్యం వేళ్ళు ముడుచుకుంది.

అప్పుడు ఊరంతా ఆ కడుపు మీద పడింది. "కవలలే! రెండు ఉయ్యాలలు కట్టాలి," అంది కన్నమ్మ. "కవలలూ లేదు, గివలలూ లేదు. అంతా నీరే. కాలవ అందుకే తగ్గింది," అంది పక్కింటి సూరమ్మ. "నేను తెచ్చిన పూతరేకులమ్మా! బిడ్డ బెల్లం తిని బలిసింది," అన్నాడు రామలింగం, తలకాయ దించుకుని.

రాజ్యానికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. రాత్రిళ్ళు బిడ్డ బాగా కిందికి దిగినట్టుండేది. పడవలో నొప్పులొస్తే? నడి కాలవలో మంత్రసాని ఏదీ, వేణ్ణీళ్ళేవీ?

ఆ తర్వాత ఊళ్ళోకి నర్సు ఎస్తేరమ్మ వచ్చింది. ఆవిడ గొంతు వింటే అవతలి ఊరి సన్నాయి ఆగిపోయేది. రాజ్యాన్ని పడుకోబెట్టి, పొట్ట మీద టేపు పెట్టి కొలిచింది. ముప్పై ఎనిమిది!

"ఎన్నో నెలన్నారు?"

"ఎనిమిది," అంది కన్నమ్మ.

"అయితే పెద్దదే. ఎన్ని వారాలైతే సుమారుగా అన్ని సెంటీమీటర్లుండాలి. మీ లెక్కన ఇది ముప్పై మూడో వారం, ముప్పై మూడుండాల్సింది అయిదు ఎక్కువుంది. ఎక్కువుందని హడలిపోనూ కూడదు, ఊరికే వదిలెయ్యనూ కూడదు. ఎందుకో చూడాలి."

అప్పుడు చెక్క గొట్టం పొట్టకానించి వింది. "ఒకటే గుండె, ఒకటే తల. కవలలు కాదు." తర్వాత అరచేతులతో తడిమింది. "బిడ్డ చేతికి బాగా అందుతోంది. నీరు ఎక్కువైనట్టు లేదు." ఆ తర్వాత మూత్రం సీసాలో పట్టి పరీక్ష చేసింది. "చక్కెరా లేదు. నీ పూతరేకులు బతికిపోయాయి అబ్బీ."

రామలింగం గుండెల మీద చెయ్యేసుకున్నాడు.

"మరి మిగిలింది ఒక్కటే," అంది ఎస్తేరమ్మ. "లెక్క. ఎవరిదీ లెక్క?"

"నాది!" అంది కన్నమ్మ, దూలం చూపించి. "నా లెక్క తప్పిందంటే సూర్యుడు దారి తప్పినట్టే!"

అందరూ దారాల వంక చూశారు. రాజ్యమూ చూసింది. చిలకాకుపచ్చ, ఆ పక్కన వంకాయ రంగు, ఆ పక్కన పసుపు. ఆ వంకాయ రంగు దగ్గర వేలు మడవబోయి ఆగింది. ఆ పడుగు మగ్గం మీదుండగానే కదూ శ్రావణం వానలు ముంచెత్తింది! మగ్గం గుంట నిండా నీళ్ళు. ఒక చేత్తో నీళ్ళు తోడుతూ, రెండో చేత్తో నోరు మూసుకుని వాంతులు ఆపుకుంది తను.

నోరు విప్పితే అత్త అలుగుతుంది. విప్పకపోతే పడవ.

బిడ్డ లోపల్నించి ఒక్క తన్ను తన్నింది.

"అత్తయ్యా," అంది రాజ్యం. "గుంటలో కప్పలు అరిచినన్నాళ్ళూ మీరు ఏ దారం కట్టారు?"

కన్నమ్మ దారాలు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూసుకుంది. ఆ వానలకి మగ్గం అయిదు వారాలు ఆగింది. మగ్గం ఆగితే కొత్త పడుగు లేదు, పడుగు లేకపోతే దారం లేదు. కానీ కడుపు ఆగుతుందా?

"మగ్గం పండుకుంది గానీ, నా మనవరాలు పండుకోలేదే!" అంది కన్నమ్మ. చూశావా, అప్పుడే మనవరాలని తేల్చేసింది. రంగెయ్యని తెల్లదారం ఒకటి తెచ్చి, వంకాయ రంగుకీ పసుపుకీ మధ్య తన చేత్తోనే కట్టింది.

"ముప్పై ఎనిమిది వారాలకి ముప్పై ఎనిమిది. కడుపు సరిగ్గానే ఉంది, లెక్కే పొట్టిగా ఉంది. ప్రయాణం మాట ఎత్తకండి," అంది ఎస్తేరమ్మ.

అప్పుడు రాజ్యం వాళ్ళమ్మే నూలుపాలెం వచ్చేసింది. ఆ శుక్రవారం పొద్దున్నే నొప్పులొచ్చాయి. ఎస్తేరమ్మ ఆసుపత్రిలో మధ్యాహ్నానికల్లా పండంటి ఆడపిల్ల! ఆ రోజే, రాజ్యం ఎక్కాల్సిన పడవ గుర్రపుడెక్క మొక్కల్లో ఇరుక్కుని నడి కాలవలో నిలిచిపోయింది. బిడ్డ ఏడ్చిన ఏడుపుకి అదిరి ఆ పడవ దానంతటదే కదిలిందట. ఏం, కదలదా?

కథేమో కంచికని పడవెక్కె,
చిట్టేమో నిద్దరకు పడకెక్కె,
తప్పిన లెక్క దారిలో పడె,
నమ్మని నోటికి తాళం పడె!

ఆ, సాక్షి! ఆ రోజు ఆ కడుపులోనే ఉన్న మనిషి. అంతకన్నా దగ్గర్నించి చూసినవాళ్ళెవరుంటారు? పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది, వెళ్ళి అడుగు. మీ అమ్మే, చౌడేశ్వరి.