రాజుగారికి నచ్చని పొగ

ఏ రాజ్యమో చెబితే నొచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు గనక, ఒకానొక రాజ్యాన్ని విజయగోపాల భూపతి అనే రాజు ఏలేవాడు. ఆయనకు ఒక దొర ఏడాదిపాటు ఇంగ్లీషు చెబితే పట్టుబడింది ఒక్కటే మాట, ఇల్లీగల్. చట్టవిరుద్ధమని దాని అర్థం. అంతే, తనకు నచ్చనిదల్లా ఇల్లీగల్ అనడం మొదలెట్టాడు మహానుభావుడు.

ఒకరోజు కుమ్మరి పోలమ్మ ఆవం పొగ రాజుగారి మేడ కిటికీలోంచి లోపలికొచ్చింది. "ఆ ఆవం ఇల్లీగల్. రేపు మధ్యాహ్నానికల్లా పడగొట్టించండి" అన్నాడు. ఆవంలో వేసవి కుండలన్నీ కాలుతున్నాయి. అవి పోతే ఏడాదంతా పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆజ్ఞలు రాసే రాయసం సోమన్నకు ఒళ్లు మండిపోయింది. తాతల నాటి నుంచీ అక్కడే కుండలు కాలుస్తుంటే, నిన్నటిదాకా లేని నేరం ఇవాళ ఎక్కణ్నుంచి ఊడిపడింది?

"ఏ చట్టం ప్రకారమని రాయమంటారు ప్రభూ?"

"నాకు నచ్చలేదని రాయవయ్యా. అదే చట్టం."

"చిత్తం. మన రాజ్యంలో ఏ చట్టమైనా దండోరా వేశాకే అమలవుతుంది గదా. ముందు అది వేయిస్తాను."

సాయంత్రానికి వీధివీధినా దండోరా మోగింది. రాజుగారు నచ్చలేదన్నది ఏదైనా ఇల్లీగల్, అన్నవెంటనే అది చేసినవాణ్ని భటులు పట్టుకుపోతారు అని.

మర్నాడు పొద్దున క్షురకుడు రాజుగారి మీసం కత్తిరిస్తున్నాడు. ఎడమవైపు పూర్తయింది. "ఇదేం నచ్చలేదోయ్" అని గొణిగాడు రాజు. గుమ్మంలోని భటులు వచ్చి క్షురకుణ్ని ఈడ్చుకుపోయారు. మరొకణ్ని పిలిపిస్తే ఊళ్లో ఒక్కడూ రాలేదు. నచ్చకపోతే చెరసాలే కదా మరి.

రాజు ఒంటి మీసంతో సభకొచ్చి మండిపడ్డాడు. "ఇదేం చట్టమయ్యా? అది తప్పని ఆ క్షురకుడికి ముందెవరు చెప్పారు?"

"పోలమ్మకు మాత్రం ఎవరు చెప్పారు ప్రభూ?" సోమన్న కోపం దాచుకోలేదు. "ఇది చేయకూడదని ముందే చాటాక, తెలిసీ చేస్తే అది ఇల్లీగల్. తమకు నచ్చకపోతే అది ఉత్తి నచ్చకపోవడమే. దానికి ఆవిడ బతుకు కూల్చేస్తారా?"

రాజు ఉన్న మీసం, లేని మీసం రెండూ తడుముకున్నాడు. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత పగలబడి నవ్వాడు. క్షురకుణ్ని విడిపించి, ఆ చట్టం రద్దని మళ్లీ దండోరా వేయించి, సోమన్నకు శాలువా కప్పాడు.

ఆ వేసవిలో పోలమ్మ కొత్త కుండ తెచ్చి కోటలో పెట్టింది. రాజు చల్లటి నీళ్లు తాగి, "పోలమ్మా, నీ పొగ నాకిప్పటికీ నచ్చలేదు" అన్నాడు.

"నచ్చకపోతే కిటికీ మూసుకోండి బాబూ" అంది పోలమ్మ.

రాజు నవ్వుతూ లేచి, తనే వెళ్లి కిటికీ మూసుకున్నాడు.