మంచెల మీది కళ్ళు

చిత్రగిరి రాజు వీరభోజుడికి ఒకనాడు పొద్దున్నే ఓ సరదా పుట్టింది. ఊళ్ళో ఎవరెక్కడ ఏం చేస్తున్నా తనకు తెలిసిపోవాలి!

గుండన మంత్రికి ఆ మాట చాలు. వారం తిరక్కుండా వీధివీధికీ ఎత్తయిన మంచె లేచింది. దానిమీద ఇద్దరేసి కాపలావాళ్ళు. కంటికి కనబడిందల్లా తాటాకు మీద రాయడమే వాళ్ళ పని.

"తప్పు చేయనివాడికి భయమెందుకు ప్రభూ?" అన్నాడు మంత్రి మీసం దువ్వుకుంటూ.

దొంగతనాలు తగ్గిన మాట నిజమే. దాంతోపాటు అరుగుల మీద కబుర్లూ తగ్గాయి. ఆడవాళ్ళు పెరట్లో తల ఆరబెట్టుకోవడం మానేశారు. మొగుడూ పెళ్ళాలు గుసగుసగా పోట్లాడుకుంటున్నారు.

రాజుగారికి తాంబూలం అందించే ముమ్మక్క ఇదంతా చూస్తూనే ఉంది. కానీ కుమ్మరి పోతయ్యను సభకు ఈడ్చుకొచ్చిన రోజున ఆమె ఇక ఊరుకోలేకపోయింది. అతను చేసిన నేరమల్లా, జ్వరంతో పడుకున్న పెళ్ళాన్ని నవ్వించాలని తన పెరట్లో రాజుగారిలా తుమ్మి చూపించడం.

"ఊళ్ళోంచి వెళ్ళగొట్టాల్సిందే" అన్నాడు మంత్రి.

ముమ్మక్క తాంబూలం పళ్ళెం కింద పెట్టి, కొంగుచాటు నుంచి రెండు తాటాకులు తీసింది.

"ఒక్క మనవి ప్రభూ. మంత్రిగారి పెరటి పక్కనా, తమ తోట పక్కనా కూడా మంచెలున్నాయి. ఈ ఆకులు అక్కడివే. ముందు మంత్రిగారిది చదవనా?"

గుండన మంత్రి ఒక్క గెంతున వచ్చి ఆకు లాక్కుని తలపాగాలో దోపేసుకున్నాడు.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అంత దాచుకోవాల్సిన పని ఏం చేశావయ్యా?"

"తప్పేం చేయలేదు ప్రభూ! కానీ... అది నా ఇల్లు కదా!"

"పోనీ, తమది చదువుతాను" అంటూ ముమ్మక్క రెండో ఆకు వెలుతురుకు పట్టింది. "నిన్న సాయంత్రం ప్రభువులు తోటలో ఒంటరిగా..."

రాజు నవ్వు ఠక్కున ఆగిపోయింది. నెమలిని చూసి తనూ నాలుగు అడుగులు ఆడిన సంగతి గుర్తొచ్చింది.

"ఆపు! చదవకు! ఇటివ్వు!"

అందుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఒక్క అక్షరం లేదు. మంత్రి తలపాగాలోది తీయించి చూశాడు. అదీ అంతే.

"ఇందులో ఏమీ లేదే!"

"ఉత్త ఆకుకే తమకింత గుబులైతే, రాసిన ఆకుతో పోతయ్య ఎలా బతకాలి ప్రభూ?"

ముందు రాజు పెదవి వణికింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన పగలబడి నవ్వాడు. మంత్రి తప్ప అందరూ నవ్వారు.

"పోతయ్యను వదిలేయండి. ఆ మంచెలన్నీ ఊడబీకి రైతులకిచ్చేయండి, చేలల్లో పిట్టలు తోలుకుంటారు!" అంటూ రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి ముమ్మక్క చేతిలో పెట్టాడు.