చెప్పులగట్టు మాహాత్మ్యం

పూర్వం, అనగా యుగాల నాటి సంగతి కాదు, మన తాతలు కుర్రవాళ్ళుగా ఉన్న కాలంలో, ఉదయగిరి కొండలకు తూర్పున నల్లవాగుపాడు అనే గ్రామంలో మాతంగి గురవయ్య అనే చర్మకారుడు నివసించేవాడు. పాలగుట్ట మీద వెలసిన వేంకటేశ్వరునికి ఏటేటా పాదుకలు కుట్టి సమర్పించటం అతని వంశానికి సంక్రమించిన కైంకర్యం. మూరెడు పొడవు గల ఆ చెప్పులను అతడు ఉపవసించి కుట్టి, కొండ దిగువ ద్వారం వద్ద ఉంచి వెనుదిరిగేవాడు. అతని కులంవారికి ఆ పైన అడుగు పెట్టే అనుమతి లేదు. కనుక తాను ఏ పాదాలకు కుడుతున్నాడో ఆ పాదాలను గురవయ్య ఎన్నడూ చూడలేదు. అవి స్వామికి పడుతున్నాయో లేదో అన్న చింత మాత్రం అతణ్ణి వదలలేదు.

ఆ రోజుల్లో చెంచురామయ్య అనే డేరా సినిమా యజమాని గుడారాన్నీ ఆయిలింజన్నూ బండ్లకెత్తి తెచ్చి, గ్రామపెద్ద మాలకొండయ్య బీడులో దింపాడు. మొదటి బొమ్మ వేంకటేశ్వరుని కథ. తెర మీద స్వామి సాక్షాత్కరించగానే స్త్రీలు లేచి కర్పూరం వెలిగించారు. మర్నాటి నుంచి జనం చెప్పులు బయట విడిచి లోపలికి రాసాగారు. గురవయ్య నేల టిక్కెట్టు కొనుక్కొని వచ్చిన సాయంత్రం దీనివల్లనే చిక్కు పుట్టింది. హారతిచ్చిన చోటు గుడి అవుతుందనీ, గుడి అయినప్పుడు గురవడు వెలుపలే ఉండాలనీ మాలకొండయ్య అడ్డు నిలిచాడు.

“గుడంటే గుడేనయ్యా, రేపట్నించి టిక్కెట్టు తీసేస్తా. ఇంజనుకు ఆయిలు తమరు పోయించండి,” అన్నాడు చెంచురామయ్య. “టిక్కెట్టు ఉండాలంటే మాత్రం, చించిన టిక్కెట్టుకు కులం ఉండదు.”

“నా బీట్లో డేరా వేసి నాకే నీతులా అబ్బాయా?”

“పీకమంటే ఇప్పుడే పీకుతా. తమ ఇంట్లో ఆడోళ్ళు లోపల కూచోనుండారు. ఆ మాటేదో తమరే చెప్పండి వాళ్ళకి.”

ఆ క్షణంలో మాలకొండయ్య హృదయం మారిందని కొందరు చెబుతారు. అంత దూరం పోవటానికి ఆధారం లేదు. అతడు అడ్డు తొలగి లోపలికి నడిచి, తన చాపను కొంచెం పక్కకు లాగించి కూర్చున్నాడన్నది మాత్రం చూసినవారు చెప్పిన మాట.

బొమ్మ సగమైన తరువాత, భక్తుని గుడిసె ముందు స్వామి వచ్చి నిలబడే ఘట్టంలో, తెర నిండా రెండు పాదాలు కనిపించాయి. ఒక్కొక్కటి నిలువెత్తున ఉంది. వాటికి చెప్పులు లేవు. గురవయ్యకు మిగిలిన కథ కంటికి ఆనలేదు. ఆట విడిచాక చెంచురామయ్య ముందు కూలబడి, “ఇన్నాళ్ళూ కురచ చెప్పులు కుట్టానయ్యా. పట్టకే స్వామి ఉత్తి కాళ్ళతో తిరుగుతుండాడు,” అని ఏడ్చాడు. చెంచురామయ్య జాలిపడి, ఫిలిం ముక్క ఒకటి దీపానికి పట్టి చూపించి, బొమ్మ నిజానికి గోరంతేననీ, వెలుతురే దానిని పెంచుతున్నదనీ బోధించాడు. గురవయ్య ఆ ముక్కను చాలాసేపు చూశాడు.

“ఇంత స్వామి అంతవాడైతే, నా చెప్పులు మాత్రం పెరగొద్దా అయ్యా?”

యజమాని కొలత తీసుకోవటానికి ఒప్పుకున్నాడు. పాదాలు తెర మీద నిలిచేది కొద్ది క్షణాలే గనుక, గురవయ్య ఒకనాడు మడమ దగ్గరా, మరునాడు బొటనవేలి దగ్గరా సుద్దతో గీత గీశాడు. రెండవనాడు గీత గీసిన తరువాత అతని చెయ్యి తెరను విడిచి రాలేదు. గుడి గడప తొక్కని ఆ మనిషి రెండు అరచేతులూ స్వామి పాదం మీద ఆనించి నిలబడ్డాడు. అతని నీడ స్వామి చీలమండల మీద పడింది. నేల మీద లేచి నిలబడినవాణ్ణి కూచోమని కేకలు వేయని జనం ఆ ఊళ్ళో ఆ ఒక్కసారే కనిపించారట. ఆ పిమ్మట వెలిగిన కర్పూరం అతని వీపు వెనుకనే వెలిగింది.

ఆ కొలతకు తోలు చాలకపోతే, మాలకొండయ్య తన చచ్చిన ఎద్దు తోలును ఎవరి ద్వారానో పంపించాడు. మనిషి పొడవు పాదుకలు సిద్ధమైనాయి గాని, అవి కొండ ద్వారంలో దూరవనీ, పాత కొలతవే తెమ్మనీ గుడివారు తిప్పి పంపారు. గురవయ్య కుంగిపోయాడు. చెంచురామయ్య అప్పుడు డేరా వాకిట రాతిగట్టు కట్టించి, వాటిని దాని మీద పెట్టించి, లైసెన్సు గడువు తీరగా గుడారం ఎత్తుకొని వెళ్ళాడు.

మరుసటి ఏడు అదే బొమ్మతో అతడు తిరిగి వచ్చాడు. గురవయ్య అందరికంటే ముందు ఇసుకలో కూర్చున్నాడు. గుడిసె ఘట్టం వచ్చింది. తెర నిండా పాదాలు కనిపించాయి. వాటికి చెప్పులున్నాయి.

“పట్టినాయి,” అన్నాడు గురవయ్య.

ఇందులోని రహస్యం చెంచురామయ్యకు తెలుసు. ఊళ్ళు తిరిగి అరిగిన ఆ ప్రింటులో ఉత్తపాదాల ముక్క తెగిపోయింది; దాని స్థానంలో ఎవరో, స్వామి చెప్పులు తొడిగి వేటకు బయలుదేరే ముక్కను అతికించారు. గురవయ్య బతికి ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి చెంచురామయ్య నోట రాలేదని ఆయన కుమారుడు చెప్పగా విన్నవారున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే మహిమగా తోచేది ఆ మౌనమే.

తరువాత ఆ డేరా రేకుల హాలై, శ్రీ పాదుకా టాకీసన్న పేరు దాల్చి, రెండు తరాలను నవ్వించి ఏడిపించి, ఇంటింటికీ టీవీ వచ్చాక మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడు నిమ్మకాయల మార్కెట్టు నడుస్తోంది. గట్టు మాత్రం అలాగే ఉంది. బస్సు కండక్టర్లు ఊరి పేరు విడిచి ‘చెప్పులగట్టు’ అనే పిలుస్తారు. పాలగుట్ట గుడి తలుపులు ఇప్పుడు అందరికీ తెరిచే ఉన్నాయి. గురవయ్య మనవలు కొండెక్కి గర్భగుడి ముందు నిలిచి దండం పెట్టుకొని వస్తారు. అయినా ఏటేటా నిలువెత్తు పాదుకలు కుట్టి ఈ గట్టు మీదనే పెడతారు. కారణమేమని అడిగితే, ఆ ఇంటి పెద్దామె కోటమ్మ కొత్త చెప్పుల మీద పసుపు చల్లుతూనే జవాబు చెబుతుంది.

“మమ్మల్ని ముందు రానిచ్చింది ఇక్కడ గదయ్యా.”