తామర చెరువు మత్తడి

“మాచనా! ఒరే మాచనా! నీడను చూసింది చాల్లే, ఇట్లా రా!”

కట్ట మీది నుంచి గురువు కేతోజు కేక వేసేసరికి మాచన ఉలిక్కిపడ్డాడు. ఓరుగల్లు కోట అవతల, తామర చెరువు ఒడ్డున వాళ్లు రాతి మండపం కడుతున్నారు. దాని నీడ నీళ్లలో వణుకుతుంటే ఒళ్లు మరిచి చూడడం మాచనకు అలవాటు. మొన్న సాయంత్రం అలా చూస్తూనే తప్పు చేశాడు. మూలస్తంభం పునాదిలో పోసిన ఇసుకను బాగా తడిపి, కుంగినంతా కుంగనిచ్చి, ఆ పైన రాయి నిలపాలి. తడపాల్సినవాడు మాచన. మరిచాడు. తెల్లారేసరికి కూలీలు స్తంభం నిలబెట్టేశారు. రేపు దాని మీదికి దూలం ఎక్కుతుంది, కింద మనుషులుంటారు. చెబితే గురువు వెళ్లగొడతాడని భయం; చెప్పకపోతే ఎవరి ప్రాణం మీదికొస్తుందోనని దిగులు.

ఆ మాట చెప్పలేక పొద్దున ఇంకేదో అడిగాడు. “గురువుగారూ, ఇంత ముచ్చటైన కట్ట కట్టి, ఆ చివర నీళ్లు పొర్లిపోయేలా మత్తడి అని తగ్గించి వదిలారెందుకు? చక్కని మొహంలో పన్ను ఊడినట్టుంది. అక్కడా ఎత్తు పెంచితే చుక్క నీరు పోదు కదా?”

కేతోజు నవ్వి పనిలో పడ్డాడు.

ఇప్పుడు ఎగువ వానలకు చెరువు కట్ట అంచుదాకా పొంగింది. ఒకచోట మట్టి చెమ్మగిల్లి జారుతోంది. మత్తడికి అడ్డంగా బెస్తవాళ్లు చేపల కోసం కట్టిన వెదురుతడికకు నాచూ తామరతీగలూ పట్టి, నీటికి దారి లేకుండా పోయింది.

“పీకండయ్యా!” కొంగు నడుముకు చెక్కుకుంటూ అరిచింది బెస్త నాగవ్వ. “చేపలు పోతే మళ్ల పడతయి. చెరువే పోతే మేం వానపాములు పట్టుకోవాలె!”

ముగ్గురూ కలిసి లాగారు. తడిక ఊడింది. నీళ్లు ఒక్కసారిగా మత్తడి దుంకాయి. పొద్దు వాలేసరికి చెరువు కట్ట అంచు విడిచి జానెడు దిగింది. మట్టి జారడం ఆగింది. ఆ దుంకే నీటిని చూస్తూ చూస్తూ మాచన ఇక ఆగలేకపోయాడు.

“గురువుగారూ... మూలస్తంభం కింద ఇసుక నేను తడపలేదు. నీడ చూస్తూ మరిచిపోయాను. దూలం ఎక్కించొద్దు.”

అనేశాక, రెండు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది.

కేతోజు కోప్పడలేదు. తడిసిన పంచె పిండుకుంటూ మండపం వైపు ఓసారి, మాచన మొహం వైపు ఓసారి చూశాడు.

“పద, స్తంభం దించుదాం,” అన్నాడు. “నీ మత్తడీ తెరుచుకుంది. ఇక కట్టకు భయం లేదు.”