గుప్తదానానికి గుమ్మడికాయ

నందిసీమ రాజు జయభద్రుడికి ఆ రోజు భోజనం బాగా కుదిరింది. ఆ హుషారులో, "ఎవరెంత దానం చేస్తే వాళ్ల పన్నులో అంత తగ్గిస్తాం" అని చాటింపు వేయించేశాడు.

తెల్లారేసరికి రాజ్యమంతా దాతలే. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లు కూడా దానాల చిట్టాలు పట్టుకుని కచేరీ ముందు బారులు తీరారు.

జాగీర్దారు శోభనాద్రి కట్టాల్సిన పన్ను పదివేల వరహాలు. ఆయన చేసిన దానం? సరిగ్గా పదివేల వరహాలు.

"ఎవరికిచ్చారు?" అడిగాడు రాజు.

"చెప్పకూడదు ప్రభూ. గుప్తదానం. చెబితే పుణ్యం పోతుంది" అంటూ శోభనాద్రి భక్తిగా కన్ను మూసుకున్నాడు. ఒక్కటే. రెండోది రాజుగారి ముఖం మీదే ఉంచాడు.

రాజు ఇరుకునపడ్డాడు. ఆ పదివేలూ వస్తేనే ఏటిగట్టు గండి పూడ్చేది. నెలరోజుల్లో వానలు. గట్టు తెగితే దిగువన మూడు ఊళ్లు మునుగుతాయి. అలాగని అన్నమాట తప్పలేడు. చాటింపులో రుజువు సంగతి చెప్పించడం మరిచిపోయాడాయె.

రాజుకు తాంబూలం అందించే తిరుపాలమ్మది ఆ మూడు ఊళ్లలో ఒకటి. ఆకుకు సున్నం రాస్తూ అంది: "ఇంతటి దాతను ఉత్తచేతులతో పంపుతామా ప్రభూ? ఆ మినహాయింపేదో నన్ను ఇవ్వనివ్వండి."

రాజు సరేనన్నాడు. ఆమె వంటశాలకు వెళ్లి, పెద్ద గుమ్మడికాయ తెచ్చి శోభనాద్రి చేతుల్లో పెట్టింది.

"ఏమిటిది?"

"మీ మినహాయింపేనండీ. గుప్తదానమంటే గుమ్మడికాయలో కాసులు దాచి ఇస్తారు కదా. గుప్త మినహాయింపూ అంతే. మొత్తం ఇందులోనే ఉంది."

శోభనాద్రి కాయను చెవి దగ్గర ఆడించాడు. "ఏమీ లేదే. కోసి చూస్తా."

"అలాగే కోద్దాం అయ్యగారూ. ముందు మీ దానం విప్పండి, తర్వాత మా కాయ కోద్దాం."

శోభనాద్రి చప్పున కాయను గుండెకు హత్తుకున్నాడు. "వద్దులే. మరి నా పన్ను?"

తిరుపాలమ్మ దగ్గరికొచ్చి, సభంతా వినేలా గుసగుసలాడింది.

"పైకి మాత్రం పదివేలూ కట్టేయండి. లేకపోతే తగ్గించినట్టు అందరికీ తెలిసిపోదూ?"

రాజు నవ్వుకు తాంబూలం పొలమారింది. సభ పడీ పడీ నవ్వింది. శోభనాద్రి గుమ్మడికాయ మోసుకుంటూ ఖజానా వైపు నడిచాడు.

రాజు తన వేలి ఉంగరం తీసి తిరుపాలమ్మకిచ్చాడు, గుప్తంగా కాదు, అందరూ చూస్తుండగానే.