రాయి కింద రాలిన పొడి

మా గురువు మల్లాచారిగారు ఎవరు సానపట్టిన ఇనప ముక్కనైనా ముందు చేతిలోకి తీసుకునేవారు కాదు. వంగి, సానరాయి కింద రాలిన పొడిని చూసేవారు. దాన్ని బట్టి ముక్క ఆయుష్షూ, పట్టినవాడి గుణమూ రెండూ చెప్పేసేవారు. ఆ రోజుల్లో గ్రైండింగ్ పనిలో ఆటోనగర్ మొత్తం మీద నా అంతటివాడు లేడు. నేను రాయి తిప్పితే లేచిన రవ్వలకి, తెల్లారిందనుకుని లారీలు లైట్లు ఆర్పుకునేవి. అంతటి నేనూ ఆయన వంగితే ఊపిరి బిగబట్టేవాణ్ణి.

ఒకరోజు నా తోటి శిష్యుడు తిరుపాలు షెడ్డులోకి ఊడిపడ్డాడు. వాడి అరుపుకి పక్క షెడ్డులో సుత్తులన్నీ గాల్లోనే ఆగిపోయాయి, ఒట్టు! వాడి చేతిలో రెండుగా విరిగిన కింగ్ పిన్ను ఉంది. బస్సు ముందు చక్రం తిరిగేది ఆ ఉక్కు కడ్డీ ఆధారంగానే.

"గురువుగారూ, అన్యాయం చూసి రగిలిపోవడం తప్పా? ఈ పిన్ను విరిగి బస్సు కాలవగట్టు దిగింది. ఒక్క ప్రాణం పోకుండా ఆపాడు డ్రైవరు ఖాసిం బాబాయి! అలాంటి మనిషిని తాగి నడిపావంటాడా ఆ బస్సు ఓనరు? పనిలోంచి పొమ్మంటాడా? జన్మలో చుక్క ముట్టనివాణ్ణి పట్టుకుని! పిన్ను సానపట్టింది నేనే, అద్దంలా పట్టాను. గ్రీజు పెట్టించకుండా విరగ్గొట్టుకుంది వాడు! వాడి గుమ్మంలో గొంతు చినిగేలా అరిచాను. పెద్దమనుషులు నన్నే నెమ్మదిగా ఉండమన్నారు. ఎందుకుండాలి నెమ్మదిగా?"

గురువుగారు వాడి సానరాయి వైపు చెయ్యి చూపారు. "నీ రాయి మీద ఒక ముక్క పట్టు" అన్నారు.

తిరుపాలు విసురుగా పట్టాడు. రాయి కీచుమని గోలపెట్టింది. ముక్క తళతళలాడింది, మధ్యలో మాత్రం కాలిన నీలం మరక. వాడు అలవాటు కొద్దీ ఎమరీ గుడ్డతో దాన్ని తుడిచేశాడు. వాడి పనికి తళుకని పేరు. ఆ తళుకు పోతుందని అరిగి నున్నబడ్డ రాయిని గీకి పదును పెట్టేవాడు కాదు.

గురువుగారు కింద రాలిన పొడిని అయస్కాంతంతో ఎత్తి, తెల్ల కాగితం మీద పోసి, భూతద్దం చేతికిచ్చారు.

"ఏం కనిపిస్తోందిరా?"

"గుండ్లు. కరిగి ముద్దకట్టిన గుండ్లు."

ఆయన వజ్రపు మొనతో రాయి ముఖం గీకి, మరో ముక్క తానే పట్టారు. ఈసారి రాయి కీచుమనలేదు. పొడి చూస్తే వడ్రంగి చిత్రిక పడితే లేచే చుట్టల్లాంటివే, కంటికి ఆననంత చిన్నవి.

"పదునున్న రాయి కోస్తుంది. వేడి చాలామటుకు ఆ చుట్టలతోనే పోతుంది" అన్నారు. "మొద్దుబారింది కొయ్యలేదు, రుద్దుతుంది. గోల దానిదే ఎక్కువ. ఆ వేడంతా ముక్కలోకి దిగి, లోపల నెర్రె పెడుతుంది."

తిరుపాలు పట్టిన ముక్క మీద ఒక చుక్క ఆసిడ్ వేశారు. తుడిచేసిన మరక నల్లగా పైకి తేలింది. తర్వాత చెయ్యి చాపారు. తిరుపాలు విరిగిన పిన్ను ఇవ్వలేదు. ఆయనే వాడి వేళ్లు విడదీసి తీసుకున్నారు. చుక్క వేశారు. సరిగ్గా విరిగిన అంచునే నల్ల మచ్చ లేచింది.

కృష్ణ వరదనే గుడ్లురిమి వెనక్కి పంపిన నేను ఆ క్షణాన తిరుపాలు ముఖంలోకి చూడలేకపోయాను.

"అయితే..." వాడు ఆ నల్ల మచ్చ మీదికి వంగాడు. "ఖాసిం బాబాయి నోటి ముందు కూడు తీసింది నేనా? మరి నా కోపం అబద్ధమేనా గురువుగారూ?"

"ఎవరన్నారు?" గురువుగారు గర్జించారు. ఆయన గొంతు లేవడం నేనదే వినడం. "తాగనివాణ్ణి తాగాడన్నాడు వాడు! అది అన్యాయం కాకుండా ఎక్కడికి పోతుంది? పద, ఆ గుమ్మానికే పద. ఈ పిన్ను వాడి ముందు పెట్టి, దీన్ని పట్టింది ఎవరో నీ నోటితోనే చెప్పు."

తిరుపాలు పిన్ను ముక్కలు రెండూ గుడ్డలో చుట్టుకుని లేచాడు. గడప దాటుతుంటే గురువుగారు వెనకనుంచి అన్నారు:

"ఇందాక గోల విన్నాం. ఈసారి నీ మాట కింద ఏం రాలుతుందో చూద్దాం."