ముప్పై ఏడోది

మృదులకి ఒళ్లు మండిపోతోంది. ఆ పేరు పెట్టేనాటికి ఆమెకి ఇరవై ఒక్క రోజులే కాబట్టి తల్లిదండ్రులని అనడానికేమీ లేదు.

విశ్వవిద్యాలయంలోని సూపర్ కంప్యూటరు మీద ఆమె వెలుతురు బొమ్మలు గీయిస్తోంది. బొమ్మలోని కిటికీలోంచి వచ్చిన ఒక్కో కిరణం దేనికి తగిలి ఎటు మళ్లిందో వెంటపడి లెక్కగట్టే పని. ఒక ప్రాసెసరుకి దాదాపు గంట పట్టే బొమ్మని అరవై నాలుగు సమాన ముక్కలు చేసి, అరవై నాలుగు ప్రాసెసర్లకి తలా ఒకటి ఇచ్చింది. నిమిషంలో అయిపోతుందని కాంటీన్‌లో ఇడ్లీ పెట్టేవాళ్లకి కూడా చెప్పింది.

అరవై మూడు అర నిమిషంలో ముగించాయి. ముప్పై ఏడోది పందొమ్మిది నిమిషాలు తీసుకుంది. మొన్నా అంతే, నిన్నా అంతే.

ఆ యంత్రాన్ని చూసుకునేది అప్పలనాయుడు. కాంట్రాక్టు ఉద్యోగం. గడువు తీరే మార్చి నెల వస్తే అతనికి అన్నం సహించదు. అతన్ని తీసేయాలని మృదుల రెండు పేజీల ఫిర్యాదు రాసి, గురువు పైడిరాజు మాస్టారి బల్ల మీద పడేసింది. మాస్టారు వరసగా రెండు వాక్యాలు మాట్లాడితే ఇంట్లోవాళ్లు జ్వరం చూస్తారు.

"పాడైపోయిన ప్రాసెసరు నాకు అంటగట్టి, మంచివి తుఫాను లెక్కలవాళ్లకి దాస్తున్నాడు సార్! మీరు సంతకం పెడితే చాలు, సాయంత్రానికి బయటుంటాడు."

గుమ్మంలో నిలబడ్డ నాయుడి మొహం పాలిపోయింది. "నేనేటి చేశానమ్మా? అన్నీ ఒకేనాడు వచ్చినవే."

"నువ్వు మాట్లాడకు!"

మాస్టారు పెన్ను తీశారు. "పెడతాను, ముందు ఆ ముప్పై ఏడుని తీయించు."

నాయుడు దాన్ని పక్కనపెట్టి, ఆ చోట ఇంకో ప్రాసెసరుని కలిపాడు. పని మళ్లీ మొదలైంది. అర నిమిషంలో అరవై మూడు ముగించాయి. కొత్తది పందొమ్మిది నిమిషాలు తీసుకుంది. మాస్టారు ఆ పందొమ్మిది నిమిషాలూ ఫిర్యాదులో అక్షరదోషాలు దిద్దారు.

"చూశారా! ఇదీ పాడైపోయిందే ఇచ్చాడు!"

"దాన్నీ తీయించు."

మూడోది వచ్చింది. పందొమ్మిది నిమిషాలు. అప్పటికి వరండాలో తుఫానువాళ్లు నలుగురు చేరారు. తుఫాను ఎప్పుడొస్తుందో చెప్పలేరు గానీ, గొడవ ఎక్కడుంటే అక్కడికి ముందే వస్తారు.

"కావాలనే చేస్తున్నాడు సార్!" మృదుల బల్ల మీద చరిచింది. "ఏరి ఏరి ఇస్తున్నాడు!"

"ఆ ముక్కలో ఏముంది?" అన్నారు మాస్టారు.

"ఏ ముక్క?"

"ఆలస్యమయ్యేది."

మూడు రోజులుగా మృదుల గడియారం తప్ప బొమ్మ చూడలేదు. విసురుగా వెళ్లి ఆ ముక్కని తెర మీదికి తెచ్చింది.

కిటికీ పక్కన బల్ల. బల్ల మీద నీళ్లు నింపిన గాజు సీసాలు, ఒకదాని వెనక ఒకటి, ఇరవైకి పైనే. లోపలికి వెళ్లిన వెలుతురు సీసాకీ సీసాకీ తగిలి, విరిగి, చీలి, బయటికి రావడానికి దారి వెతుక్కుంటోంది.

పన్నెండో ముక్క తెరిచింది. తెల్లగోడ. యాభయ్యోది తెరిచింది. తెల్లగోడ. ఇంకో నాలుగు గబగబా తెరిచింది. అన్నీ కిరణం ఒక్కసారి తగిలి లెక్క తేలిపోయే గోడలే. చెవులు ఎర్రబడ్డాయి.

వరండాలో ఎవరో దగ్గారు.

నాయుడికి ఇదేమీ అర్థం కాలేదు. ఉద్యోగం ఉందో ఊడిందో కూడా తెలియలేదు. భయంభయంగా అడిగాడు.

"ఇప్పుడు దేన్ని తీసేయమంటారండీ?"

మాస్టారు తల ఎత్తలేదు.

"తీసేసేవి అయిపోయాయి నాయుడూ. పని పంచినవాళ్లని అడుగు."